అన్న ఒంట్లో నా రక్తం

నేను ఇష్టపడినవాణ్ని పెళ్లి చేసుకున్నానని మా అన్న నాతో మాట్లాడటం మానేశాడు. మా ఆయనది వేరే కులం. కాజీపేట రైల్వేలో ఫిట్టర్. అన్నకు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి దుకాణం, వరంగల్ బజార్‌లో ఇల్లు. రెండిళ్లకూ మధ్య ఆటోలో కాసేపటి ప్రయాణం. నాకు బిడ్డ పుట్టినప్పుడు ఆ కాస్త దూరం ఎవరూ రాలేదు.

అన్నకు బ్లడ్ క్యాన్సర్ వచ్చాక వచ్చారు. ఒక మధ్యాహ్నం అమ్మ, వదిన మా క్వార్టర్ ముందు ఆటో దిగారు. కీమోతో తగ్గిన జబ్బు తిరగబెట్టిందట. ఎముకల్లోని మూలుగ మార్పిడి తప్ప వేరే దారి లేదన్నారట. మా తమ్ముడి రక్తం పరీక్ష చేస్తే కలవలేదు. ఇక మిగిలింది నేను.

"తోడబుట్టినదానివి, కాదంటవా?" అంది అమ్మ. లోపలికి వచ్చి కూర్చుంది గానీ నేనిచ్చిన నీళ్లు ముట్టలేదు. వదిన గ్లాసు అందుకుని, కాసేపు చేతిలో ఉంచుకుని, కింద పెట్టేసింది.

నాకు కాదనే ఆలోచనే రాలేదు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి మా ఆయన సంగతంతా విన్నాడు. "పాణం మీదికొచ్చింది. పోయిరా" అన్నాడు.

నా రక్తం అన్నకు పూర్తిగా కలిసింది. హైదరాబాద్‌లో అతనికి ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చారు. పాడైన మూలుగను మొత్తం చంపేస్తే గానీ నా కణాలు అక్కడ నాటుకోవట. ఆ రోజుల్లోనే నాకు ఇంజెక్షన్లు వేశారు, ఎముకల్లోని మూలకణాలు రక్తంలోకి రావడానికి. నడుము ఎముకలను లోపల్నుంచి ఎవరో గుద్దుతున్నట్టు ఉండేది. తర్వాత ఒక యంత్రం పక్కన పడుకోబెట్టి, ఒక చేతి నుంచి రక్తం లాగి, కావలసినవి వడగట్టుకుని, మిగతాది రెండో చేతికి ఎక్కించారు. పెదాలు తిమ్మిరెక్కాయి. సంచిలో చేరినది చూస్తే టమాట చారులా ఉంది. అదే అన్నకు ఎక్కించారు.

మర్నాడు గాజు తలుపు అవతల నుంచి అన్న ఫోన్ చేశాడు. "తిన్నవా?" అని అడిగాడు. అన్నేళ్ల తర్వాత అతను నాతో అన్న మొదటి మాట అది. బయట కుర్చీలో కూర్చుని ఏడ్చాను.

డాక్టరమ్మ మా అందరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. "ఈమె ఇచ్చిన వాటిలో రోగాలతో పోరాడే కణాలు కూడా ఉన్నాయి. మిగిలిన క్యాన్సర్‌ను అవి చంపుతాయి. కానీ వాటికి ఆయన శరీరం కూడా పరాయిదే. చర్మం మీద, పేగుల మీద, లివర్ మీద దాడి చేయవచ్చు. అలా జరగకుండా ఉండటానికే ఈ మాత్రలు. నేను చెప్పేదాకా ఒక్క పూట కూడా మానొద్దు. మార్కెట్ దుమ్ములోకి అసలే వెళ్లొద్దు."

ఇంత చెబితే వదినకు గుర్తున్నది 'పరాయి' అన్న ఒక్క మాటే.

నా కణాలు నాటుకున్నాయి. అన్న ఇంటికొచ్చాడు. అప్పుడే మిర్చి సీజన్ మొదలైంది. కొన్నాళ్లకు అతని అరచేతులు ఎర్రబడ్డాయి, తర్వాత ఒళ్లంతా దద్దుర్లు. ఆగని విరేచనాలు. కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ హైదరాబాద్ తీసుకెళ్లారు. అక్కడి నుంచి వదిన ఫోన్ చేసింది.

"నీ రక్తమే మా ఇంటాయన్ను లోపట్నుంచి తింటాంది. ఏం మనసుతోని ఇచ్చినవో!"

వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. "ఇల్లిడిసిపోయినదాని రక్తం గట్లనే ఉంటది."

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. నేను వెళ్లేసరికి అమ్మ, వదిన మందుల కోసం కిందికి దిగారు. డాక్టరమ్మ రిపోర్టు పట్టుకుని అన్న మంచం పక్కన నిలబడి ఉంది.

"మీ రక్తంలో మందు జాడే లేదు. మాత్రలు వేసుకుంటున్నారా?"

అన్న గోడ వైపు చూశాడు. "బంద్ చేసిన మేడం. అవి ఏసుకుంటే చేతులు వణుకుతాన్నయి. మిర్చి చేతుల పట్టుకుని రేటు చెప్తాంటే అందరు నా చేతులనే చూస్తాండ్రు. ఈయన పని అయిపోయిందనుకుంటాండ్రు. మంచిగనే ఉన్న కదా అని ఇడిసిపెట్టిన."

వెళ్లొద్దన్న మార్కెట్‌కూ వెళ్తున్నాడన్నమాట. డాక్టరమ్మ తిట్టాల్సినంత తిట్టి వెళ్లిపోయింది.

"మీ వదినకు చెప్పకే. ఊకె లొల్లి చేస్తది" అన్నాడు.

"నేను చెప్ప. నువ్వే చెప్పు. వాళ్లు నన్నంటాండ్రు."

"చెప్త తియ్. జర లేవనియ్యి."

నమ్మాను. స్టెరాయిడ్లతో చాలాకాలం పోరాడి అతన్ని నిలబెట్టారు. ముఖం ఉబ్బింది, చర్మం మచ్చలు తేలింది, నోరు ఎండిపోయి కారం ముట్టలేకపోయాడు. అయినా బతికాడు. ఆ సంతోషంతో ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుని నన్ను పిలిచారు. మా ఆయన్ను పిలవలేదు.

భోజనాల దగ్గర మా మేనత్త అడిగింది, "చెల్లె ఇచ్చినంక గూడ గంత తిప్పలెందుకైందే?"

వడ్డిస్తున్న వదిన నా వైపు చూడకుండానే, "మా ఆడిబిడ్డది పడలే. ఒక్క కడుపున పుట్టి ఏం ఫాయిదా" అంది.

ఎదురుగా అన్న పెరుగన్నం తింటున్నాడు.

"అన్నా, ఎందుకైందో నువ్వు చెప్పు" అన్నాను.

తలెత్తలేదు. "ఇప్పుడెందుకే గవన్ని. తిను."

"మందులు బంద్ చేసింది ఈయనే. డాక్టర్ ముందట నా ఎదురుంగనే ఒప్పుకున్నడు."

"సావు దాకా పోయొచ్చినోని మీద నిందలేస్తవా?" వదిన చేతిలోని గరిట గిన్నెలో పడేసింది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుని, "సుట్టాల ముందట ఇజ్జత్ తీయకు" అంది. అన్న విస్తరి ముందు నుంచి లేచి, చేయి కడుక్కుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

నేను బయల్దేరుతుంటే అమ్మ పులిహోర కట్టిచ్చింది. మిగతా చుట్టాలందరికీ స్టీలు డబ్బాల్లో పెట్టింది. నాకు ప్లాస్టిక్ కవర్‌లో. డబ్బా అయితే మా ఇంటి నుంచి తిరిగి వాళ్లింటికి రావాలి కదా.

మా ఆయన అంతా విని, "నువ్వియ్యకపోతే సంపినవనేటోళ్లు" అన్నాడు. తర్వాత కవర్ విప్పి రెండు పళ్లేల్లో పెట్టాడు. ఆకలిగా ఉంది, తిన్నాం.

అన్న ఇప్పుడు మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడని, కోలుకుంటున్నాడని తమ్ముడు చెప్పాడు. నాకు మాత్రం ఫోన్ చేయడు. నేనూ చేయను.