అమ్మ చూపు వాకిలి వైపు

గోదావరిఖనిలో నేను గీసిన ముఖాలు చాలావరకు చనిపోయినవాళ్లవే. దినాలకు పటం కావాలని ఇంటివాళ్లు గని గుర్తింపు కార్డు తెచ్చి చేతిలో పెట్టేవారు. గోరంత ఫొటోను కొండంత చేయడమే నా పని. కార్డు ఫొటోలో అందరూ ఎదురుగానే చూస్తారు కాబట్టి నా పటాల్లోనూ అందరూ ఎదురుగానే చూసేవారు. "మన దిక్కే సూస్తున్నడు తమ్మీ" అంటూ ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్లంతా నన్ను కళ్లారా చూశారు. మా అమ్మ చూపు మాత్రం నాకు దక్కలేదు.

ఆమె చూపంతా బాపు మీదే. నాన్నను మేం బాపు అనేవాళ్లం. బొగ్గుబాయిలో డ్యూటీ. షిఫ్టు దిగే సైరన్ మోగితే చాలు, అమ్మ తల వాకిలి వైపు తిరిగేది. బాపు స్నానానికి బొగ్గుపొయ్యి మీద నీళ్లు కాగుతుండేవి. అతని సైకిల్ గంట వినిపించేదాకా పక్కన పిడుగు పడ్డా ఆమెకు పట్టేది కాదు. నేనూ ఆ వేళకే బడి నుంచి వచ్చేవాణ్ని. "కాళ్లు కడుక్కో" అనేది, ఇటు తిరగకుండానే. నేను వెళ్లింది బడికే కదా, భూమి లోపలికి కాదు. ఆ సంగతి తెలుసు. తెలిసినా కడుపు మండేది.

పెద్దయ్యాక బొమ్మ గీస్తాను, ఎదురుగా కూర్చోమని అడిగాను. ఆ వంకతోనైనా కాసేపు నన్ను చూస్తుందని ఆశ.

"బతికున్నోళ్లకు పటమేంది బిడ్డా? ఏమైందో అని ఇరుగుపొరుగు ఉరికొస్తరు" అంది. ఏళ్ల తరబడి అదే మాట.

రాష్ట్రం కోసం గనులు బంద్ పెట్టిన సమ్మె రోజుల్లో ఎట్టకేలకు ఒప్పుకుంది. బాపు ఇంట్లోనే, మంచం మీద ఉన్నాడు. సైరన్ లేదు. అమ్మ పచ్చచీర కట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. నుదురు, ముక్కుపుడక, బొగ్గు దూరి నల్లబడ్డ వేళ్ల గీతలు, అన్నీ కుదిరాయి. కళ్లు ఆఖరికి ఉంచుకున్నాను. తీరా అక్కడికి వచ్చేసరికి ఆమె తల మెల్లగా వాకిలి వైపు తిరిగింది. గోడ గడియారం చూస్తే షిఫ్టు దిగే వేళ.

"నేనీడ్నే ఉన్న గదనే, ఎవ్వని కోసం సూస్తున్నవ్?" అన్నాడు బాపు మంచం మీది నుంచి.

అమ్మ సిగ్గుపడి నవ్వింది. "ఏమో, గీ యాళ్లకు మెడ దానంతటదే తిరుగుతది."

మరునాడూ అంతే. ఇటు చూడమ్మా అని బతిమాలాను, విసుక్కున్నాను. చూసేది గానీ నన్ను కాదు, ఎప్పుడు అయిపోతుందా అని నా కుంచెను. చివరికి ఓడిపోయి, గీసిన ముఖం చెరిపేసి, వాకిలి వైపు చూస్తున్న అమ్మనే గీశాను. అంత నిజమైన ముఖం నా చేతి నుంచి మళ్లీ రాలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాదే అమ్మ పోయింది. దినాల నాడు ఆ బొమ్మనే పెట్టాను. మేనత్త దండ పట్టుకుని ఆగిపోయింది. "గిదేంది బిడ్డా, పటంల మనిషి మన దిక్కు సూడాలె గదా. ఊరందరికీ గీస్తివి, మీ అమ్మకే గీయరాలేదా?"

పాత ఫొటో చూసి ఎదురుముఖం గీయడం నాకెంత పని! చేతులు రాలేదు.

తర్వాత బాపు రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాం. కొత్త ఇంట్లో, ఆమె చూపుకు వాకిలి ఎదురొచ్చే గోడ వెతికి బొమ్మ తగిలించాను. పక్కకు తిరిగిన చూపు ఎక్కడ నిలబడినా మన మీద పడదు. బొమ్మలు గీసేవాణ్ని, ఆ మాత్రం తెలుసు. అయినా షిఫ్టు దిగే వేళకు, ఏ పనీ లేకున్నా, చౌరస్తా దాకా వెళ్లి వస్తాను. గడప దాటేసరికి అమ్మ వాకిలి వైపే చూస్తూ ఉంటుంది.

"వచ్చిన అమ్మా" అంటాను. కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్తాను.