ఠంగక్క కొన్న వంకర గిన్నెలు

ఠంగక్క అసలు పేరు కార్ఖానాలో సగం మందికి తెలియదు. కప్పులూ సాసర్లూ తయారుచేసే ఆ కార్ఖానాలో, బట్టీ నుంచి చల్లారి వచ్చిన ప్రతి కప్పూ ఆవిడ చేతుల మీదుగా పోవాల్సిందే. ట్యూబులైటు కింద కూర్చుని, ఎడమ చేత్తో కప్పు ఎత్తి, కుడి చేతిలోని సన్నటి పుల్లతో అంచు మీద ఒక్కటి వేసేది. ఠంగుమంటే మంచిది. డొప్పుమంటే ఎక్కడో బీట ఉన్నట్టే. పక్కనున్న నీలం తొట్టిలోకి విసిరేసేది. ఠంగుమన్నదాన్ని గాజుపలక మీద పెట్టి వేలితో తాకేది. కప్పు కదలకూడదు. రవ్వంత ఊగినా దానికీ తొట్టే గతి.

ఈ అలవాటు కార్ఖానా గేటు దగ్గర ఆగలేదు. ఎవరింటికి వెళ్ళినా పళ్ళెం తిరగేసి అడుగు చూడనిదే ముద్ద ఎత్తేది కాదు. ఆవిడ భర్త ఆస్పత్రిలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా ఎక్కేవాళ్ళతో దిగేవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నోరు బాగా నడిచిన మనిషి.

"పెళ్ళికి ముందు నన్నూ ఇలాగే తిరగేసి చూసుంటుంది. బీటలు దొరకలేదు గనక బతికిపోయా" అని నలుగురిలో నవ్వించేవాడు.

"దొరికాయి. అప్పటికే తొట్టి నిండిపోయింది" అనేది ఆవిడ, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

అలాంటి మనిషికి వంకర గిన్నెల పిచ్చి పట్టుకుంది. ఎలా పట్టిందో ఆవిడకే అంతు చిక్కలేదు.

కార్ఖానా వెనక వీధిలో ఖాళీగా పడున్న గోదామును ఒకావిడ అద్దెకు తీసుకుంది. జపాన్ పద్ధతిలో, మాచా తాగే గిన్నెలు చేత్తో చేస్తుందట. మాచా అంటే తేయాకును మెత్తగా విసిరిన ఆకుపచ్చ పొడి. దాన్ని గిన్నెలోనే వేడినీళ్ళు పోసి వెదురు కవ్వంతో నురగ వచ్చేలా గిలక్కొట్టి, గిన్నెను రెండు చేతులా పట్టుకుని తాగుతారు. అందరూ ఆవిణ్ణి గిన్నెలావిడ అనేవారు. కార్ఖానాలో మూలపడ్డ, బట్టీలో సరుకు పేర్చే పాత పలకలు కావాలని ఆవిడ అడిగితే, మేనేజరు ఠంగక్కను పిలిచాడు.

"నువ్వు కూడా వెళ్ళక్కా. పగిలినవి అంటగట్టామనే మాట మనకొద్దు. వాయించి చూపించు."

ఠంగక్క వెళ్ళింది. పలకలన్నీ వాయించి, మంచివి ఒక పక్కకు పెట్టించింది. చేతుల దుమ్ము దులుపుకుంటూ తలెత్తితే, గోడవారగా చెక్క మీద గిన్నెలు వరసగా కనబడ్డాయి.

"ఇవన్నీ తీసేసినవా?"

"కాదండీ, అమ్మేవి" అంది గిన్నెలావిడ.

ఠంగక్క చివరి గిన్నె చేతిలోకి తీసుకుంది. ఒక వైపు అంచు కిందికి వాలింది. నల్లటి పూత అడుగుదాకా రాకుండా మధ్యలోనే గడ్డకట్టి ఆగిపోయింది. పక్కన బొటనవేలంత సొట్ట. గోటితో తట్టింది. డొప్పుమంది. ఇన్ని తప్పులు ఒక్కదాంట్లో తను ఎన్నడూ చూడలేదు. దాన్ని కింద పెట్టేసింది. మళ్ళీ తీసింది. సొట్టలో బొటనవేలు దానంతటదే కుదురుకుంది. మళ్ళీ పెట్టేసింది. మళ్ళీ తీసింది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. ఇది బాగోలేదు."

"అవునా."

"ఎంతకిస్తారు?"

గిన్నెలావిడ నవ్వేసింది. "అది నాకూ అంత నచ్చలేదు లెండి. మీకు తోచింది ఇవ్వండి."

ఇంటికి తెచ్చాక భర్త దాన్ని అటూ ఇటూ చూసి, "దీనిమీద ఎవరైనా కూర్చున్నారా?" అన్నాడు. అత్తగారికి చూపు ఆనదు. దాంట్లో గోరువెచ్చటి నీళ్ళు పోసిస్తే తాగి, "ఎంతసేపైనా వేడి తగ్గలేదే! ఇకనుంచి నాకు దీంట్లోనే ఇవ్వు" అంది. మర్నాడు పొద్దున్నే, "ఈ రాయి మోయలేను తల్లీ, నా గ్లాసు నాకియ్యి" అని తోసేసింది. ఠంగక్క రెండు తీర్పులూ విని ఏదీ ఖాయం చేసుకోలేకపోయింది.

మాచా పొడీ కవ్వమూ కూడా కొంది. మొదటి గుక్కకే గడ్డి నమిలినట్టనిపించింది. భర్త ఒక గుక్క తాగి, "మా ఆస్పత్రిలో ఇంతకంటే రుచైన మందులున్నాయి" అన్నాడు. ఠంగక్కకూ ఆ రుచి ఎక్కలేదు. అయినా వారానికోసారి కలిపేది. నల్లటి గిన్నెలో ఆ పచ్చటి నురగ ఎలా ఉంటుందో చూడ్డానికి, తాగేశాక అడుగున మిగిలిన చారలు చూడ్డానికి. నచ్చని పానీయం కోసం నచ్చిందో లేదో తెలియని గిన్నె! ఇదేం చోద్యమని తనలో తనే విసుక్కునేది.

తరవాత మరో గిన్నె వచ్చింది. తరవాత ఇంకోటి. బీరువాలో చీరలు ఒక అరలోకి సర్దుకుని గిన్నెలకు చోటిచ్చాయి. వంకరవే బాగుంటాయి కాబోలనుకుని బాగా వంకరది ఒకటి కొంటే, నాలుగు రోజులకే మొహం మొత్తింది. మందపాటివేమో అనుకుంటే, పల్చటిది ఒకటి ఆ లెక్క చెడగొట్టింది. ఏ ప్రత్యేకతా లేదనుకున్న బూడిదరంగు గిన్నె మాత్రం రోజురోజుకీ దగ్గరైంది. సూత్రం దొరికినట్టే దొరికి జారిపోయేది. ఏది బాగుందో చెప్పమంటే తడుముకోకుండా చెప్పగలదు. ఎందుకు బాగుందో అడిగితే మాత్రం నోరు పెగలదు.

అసలు చిక్కు కార్ఖానాలో వచ్చింది. ఒకరోజు నీలం పూత అడుగున చిక్కగా పేరుకుపోయిన కప్పు ఒకటి చేతికొచ్చింది. తొట్టి మీదకు వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక కప్పులు పోగుపడ్డాయి. ఆ తరవాత పక్కకు వాలిన కప్పులు ఒక ట్రే నిండా వచ్చాయి. పుల్లతో వాయించింది, గాజుపలక మీద పెట్టింది, అవి ఊగుతుంటే చూస్తూ కూర్చుంది. చివరికి అన్నిటినీ పంపించేసింది. దుకాణాల వాళ్ళు పెట్టెలు తిరగ్గొట్టారు.

మేనేజరు పిలిపించి ఆ కప్పుల్ని బల్ల మీద పేర్చాడు.

"ఒంట్లో బాగుందా అక్కా?"

"బాగానే ఉంది సార్."

"మరి ఇవి నీకు వంకరగా కనిపించలేదా?"

"కనిపించాయి సార్. తప్పనిపించలేదు."

"వంకరే కదమ్మా తప్పు!"

"అదే సార్, నాకూ అక్కడే అంతా అలుక్కుపోయినట్టుంది."

మేనేజరు చెడ్డవాడు కాదు. కళ్ళకు విశ్రాంతి కావాలేమోనని, కొన్నాళ్ళు ప్యాకింగుకి వెళ్ళమన్నాడు. బయటికొచ్చాక ఏడుపు రావాలి కాబోలు అనుకుంది. రాలేదు. హాయిగా ఉందా అంటే అదీ లేదు. నేరుగా గోదాముకు నడిచింది, నాలుగు దులిపేద్దామని.

అక్కడ గిన్నెలావిడ వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, సుత్తితో గిన్నెలు పగలగొడుతోంది.

"అయ్యో, ఆగండి! ఏంటిది?"

"పనికిరానివండీ."

"ఇది బాగుంది కదా! నా దగ్గరున్నదానిలాగే వాలింది."

"వాల్చాలని వాల్చాను. ఆ సంగతి తెలిసిపోతోంది."

"మరి నాకమ్మినవి వాల్చలేదా?"

"వాల్చాను. తెలియడం లేదు."

"అంటే తెలిస్తే తప్పు, తెలియకపోతే ఒప్పా?"

గిన్నెలావిడ సుత్తి పక్కన పెట్టింది. "అలా నిలదీస్తే నాకూ అయోమయంగానే ఉందండీ. నిన్న పగలగొట్టినదాని కోసం ఇవాళ పొద్దుట్నుంచీ బాధపడుతున్నా."

తిట్టడానికొచ్చిన మనిషికి తిట్టు దొరకలేదు. "మీ గిన్నెల పుణ్యమా అని నా కుర్చీ పోయింది" అని మాత్రం చెప్పింది. ఆవిడ ముఖం పాలిపోయింది. ఇద్దరూ కలిసి పెంకులు ఎత్తి మూలన పోశారు.

తరవాతి సెలవురోజున గిన్నెలావిడ వాళ్ళింటికొచ్చింది. మొట్టమొదట కొన్న నల్ల గిన్నె చూపించమంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వేళ్ళతో తడిమింది.

"ఇది నేనే చేశానా?"

"అడుగున మీ గుర్తుంది కదండీ."

"అప్పుడు పాడైపోయిందనుకున్నా. ఇప్పుడు ఎన్ని చేసినా ఇలా రావట్లేదు. ఎలా చేశానో గుర్తు లేదు." కాస్త ఆగి, "తిరిగి ఇచ్చేస్తారా? దీని బదులు మీకు నచ్చినవి రెండు తీసుకోండి" అంది.

"ఇవ్వను" అంది ఠంగక్క. అంత గట్టిగా అన్నది తనేనా అని తనే ఉలిక్కిపడింది.

గుమ్మంలో నిలబడ్డ భర్త, "నన్ను తీసుకెళ్ళండమ్మా. బదులు ఒక్కటిచ్చినా చాలు" అన్నాడు. మంచం మీద అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది.

ఠంగక్క ఆ గిన్నెలోనే మాచా కలిపి గిన్నెలావిడ చేతికిచ్చింది. "మీకు చూడాలనిపించినప్పుడల్లా రండి" అంది. ఆవిడ తాగి, సంచిలోంచి కొత్త గిన్నె తీసి పక్కన పెట్టింది.

"ఇదెలా ఉంది?"

"బాగోలేదు."

"ఎందుకు?"

"తెలీదండీ."

"నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోతున్నా" అని ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఆ మాట విన్నాక ఠంగక్కకు ఎన్నో నెలల తరవాత కాస్త తేలికగా అనిపించింది. ఏమీ తేలలేదు, కానీ తేలనిది తనొక్కదానికే కాదు.

అప్పట్నుంచి గిన్నెలావిడ బట్టీలోంచి గిన్నెలు దింపిన ప్రతిసారీ, ప్యాకింగు పని ముగించుకుని గోదాముకు వెళ్తోంది. ఒక్కో గిన్నె పట్టుకుని ఉంచమంటుంది, వద్దంటుంది. గిన్నెలావిడ ఒక్కోసారి వింటుంది, ఒక్కోసారి వినదు. పాత కుర్చీకి రమ్మని మేనేజరు కబురు పెడితే, "ఇంకా కన్ను కుదుటపడలేదు సార్" అంది.

ఈమధ్య ఇద్దరికీ ఒక తెల్ల గిన్నె దగ్గర పేచీ వచ్చింది. గిన్నెలావిడ పగలగొట్టేద్దామంది, ఠంగక్క వద్దంది. మరుసటి వారం ఠంగక్క పగలగొట్టేయమంటే ఆవిడ అడ్డుపడింది. దాన్ని కిటికీలో పెట్టారు. మొన్న ఠంగక్క భర్తను కూడా తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టింది. అతను తల ఒకసారి ఇటు వంచి, ఒకసారి అటు వంచి చూశాడు.

"ఏమంటావ్?" అంది.

"కాస్త ఉండవే. నన్ను కంగారు పెట్టకు" అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.