రేడియో గుంతలో పోసిన నీళ్లు

మొన్న మిద్దె మీద డిష్ బిగించడానికి వచ్చిన మెకానిక్, దాని కొసన ఉన్న గుప్పెడంత పెట్టెను చూపించి, "ఆకాశం నుంచి సన్నగా వచ్చే సిగ్నల్‌ను ఇది పెంచుతాది, ఫ్రీక్వెన్సీ తగ్గించి వైరులో కిందికి దించుతాదవ్వా" అన్నాడు. మన మాట కూడా పైకి పోతుందా అని అడిగాను. "యాడ పోతాది? ఇది తీసుకునేదే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పంతొమ్మిది వందల యాభైల్లో, కడప దగ్గర మా పల్లెకొచ్చిన పంచాయతీ బ్యాటరీ రేడియో మా మేనమామ ఇంట్లో ఉండేది. నాయన తుంగభద్ర కాలువ పనికి పోయాడు కాబట్టి అమ్మా నేనూ అక్కడే ఉండేవాళ్లం. పొద్దు వాలేసరికి వేయించిన చెనక్కాయల వాసన, ఉలవచారు వాసన, అరుగు మీద బీడీల పొగ కలిసిపోయేవి. మిద్దె మీద గుంజల మధ్య లాగిన రాగితీగ పట్టుకొచ్చిన పీలగొంతు, పెట్టెలోని గాజు వాల్వులు దాటి, వీధి చివరికి వినపడేంత పెద్దదయ్యేది. ఎర్త్ కోసం ఇంకో తీగ గోడ వారనున్న గుంతలోకి దిగేది. అక్కడ మట్టి ఎండితే రేడియో గరగరలాడేది. దానికి రోజూ నీళ్లు పోసే పని నాది. బావి అడుగంటిన ఎండల్లో, నేను తాగే వాటాలోంచే పోసేదాన్ని.

ఆ ఏడు గడ్డి లేదని నా ఎర్రదూడను సంతకు తోలాలని మామ అనుకున్నాడు. నాయన నాకిచ్చి పోయిన దూడ అది. ఇంట్లో చదువొచ్చింది మామకొక్కడికే. నాయనకు కార్డు రాయమని మామ కాళ్లావేళ్లా పడ్డాను.

"కార్డు చేరేకి శానా దినాలైతాది పాపా. గుంతలో బాగా నీళ్లు పోసి రేడియో ముందర చెప్పు, మీ నాయనకు ఇప్పుడే ఇనపడతాది."

నమ్మాను. వారం పాటు నాలుక పిడచగట్టినా చెంబెడు నీళ్లూ గుంతలోనే పోసి, ఎవరూ లేనప్పుడు ఆ పెట్టెకు నోరానించి, "నాయనా, దూడను అమ్ముతాండారు, తొందరగా రా" అని చెప్పేదాన్ని.

ఉగాదికి నాయన వచ్చేసరికి కొట్టంలో పలుపుతాడే మిగిలింది. "నేను చెప్పింది ఇనలేదా నాయనా?" అని ఏడ్చాను.

"ఏం చెప్తివి పాపా? నాకు కార్డు ముక్క గూడా రాలేదే!"

మామ మా వైపు చూడకుండా రేడియో మర తిప్పి గొంతు పెంచాడు.

పెద్దయ్యాక కాలేజీలో తెలిసింది, ఆ రేడియో కూడా సన్నటి అలను పట్టి, దాని ఫ్రీక్వెన్సీ మార్చి, పెంచి వినిపించేదే తప్ప పంపేది కాదని. మామకు అది ముందే తెలుసు. ఊరందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి వివరించింది ఆయనే.

ఇప్పుడు ఆ రాగితీగ లేదు, వాల్వులు లేవు, ఆ గుంత మీద బండలు పరిచారు, మామా పోయాడు. మెకానిక్ పని ముగించి దాహమన్నాడు. చెంబు నిండా నీళ్లిస్తుంటే, ఆ రోజుల దాహం గొంతులోకొచ్చి, వాడికంటే ముందు నేనే తాగేశాను.