అందరివీ కుడికాళ్ళే

పెట్టుడు కాళ్ళు తయారుచేసే ఆ వర్క్‌షాపులో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆవిడ బయటికక్క. ఉన్నట్టుండి రికార్డుల గదిలోంచి తల బయటపెట్టి, "అందరూ బయటికి రండర్రా!" అని కేక వేసేది. కొత్తగా చేరినవాళ్ళు ఎక్కడ మంటలు లేచాయోనని చేతిలో పని వదిలేసి పరిగెత్తేవారు. ఆవిడ రమ్మన్నది గదుల్లోంచి కాదు, కంప్యూటర్లో తెరిచిపెట్టుకున్న ఫైల్లోంచి.

ఆ ఫైలు ఆవిడ చేతి పనే. టైపిస్టుగా చేరిన కొత్తలో కొలతలన్నీ అట్టకార్డుల మీద ఉండేవి. కార్డు పోయిందంటే ఆ మనిషి మళ్ళీ పడుతూ లేస్తూ వచ్చి కాలి అచ్చు ఇచ్చుకోవాలి. ఆ యాతన చూడలేక లావుపాటి పుస్తకం ఒకటి ముందేసుకుని డేటాబేస్ చెయ్యడం నేర్చుకుంది. కొన్నేళ్ళు హాయిగా నడిచింది. తర్వాత అచ్చుల గదిలో ఒకటి, బిగింపుల గదిలో ఒకటి, ముందు గదిలో ఒకటి కంప్యూటర్లు పెట్టి అన్నిటినీ ఆ ఒక్క ఫైలుకే తగిలించారు. తంటా అక్కడ మొదలైంది. ఒకళ్ళు తెరిచి మర్చిపోతే రెండోవాళ్ళకి తాళం పడేది. ఆవిడ చిన్న మార్పు చెయ్యాలన్నా అందరూ మూసెయ్యాలి. ఫైలు ఒళ్ళొచ్చి ఆయాసపడసాగింది. ఓసారి పాడై, ముందురోజు నకలు ఉండబట్టి గండం గడిచింది. రెండో కేంద్రం కూడా తెరవాలనుకున్నాక యజమానురాలు తేల్చేసింది. అంతా ఎంతమందైనా ఒకేసారి తెరవగలిగే సర్వరుకి మార్చేద్దామంది.

బయటికక్క భర్త బ్యాటరీలు బాగుచేస్తాడు. ఆ సాయంత్రం ఆవిడ మొహం చూసి నవ్వాడు.

"నీ ఉద్యోగమేమీ పోవట్లేదుగా?"

"పోవట్లేదు."

"మరెందుకా ఏడుపు మొహం?"

"నా ఫైల్ని ఇంకెవరో విప్పి చూస్తారు," అంది ఆవిడ.

విప్పి చూడ్డానికి వచ్చింది సాఫ్ట్‌వేర్ అమ్మాయి. పక్కపక్కన కుర్చీలు వేసుకుని ఇద్దరూ ఒక్కో గడీ తిరగేశారు.

"అక్కా, ఈ 'ఇతరం రెండు' ఏంటి?"

"చెమట ఎక్కువ పట్టేవాళ్ళకి గుర్తు."

"చెమట అనే పెట్టచ్చుగా?"

"అప్పట్లో నేను తప్ప చూసేవాళ్ళెవరమ్మా?"

సెలవురోజున రికార్డులన్నీ సర్వరులోకి చేరాయి. ఎన్ని వెళ్ళాలో అన్నీ వెళ్ళాయి. మర్నాడు అన్ని గదుల్లోనూ ఒకేసారి తెరిచారు. ఎవరికీ తాళం పడలేదు. బయటికక్క ఏమీ తోచక రెండుసార్లు టీ తాగింది.

మధ్యాహ్నం అచ్చుల మేస్త్రీ పనిచీటీల కట్ట పట్టుకుని వచ్చాడు.

"ఏమ్మా, ఊరు ఊరంతా కుడికాలే పోగొట్టుకుందా? పొద్దుటి నుంచీ ఒక్క ఎడమకాలు లేదు. ఇదిగో, ఈ చీటీలో ఆయన అచ్చు నా చేత్తో తీశాను, ఎడమే. చీటీ చూసి కుడిపాదం బిగించేశారు."

బయటికక్క బిగింపుల గదికి పరుగున వెళ్ళి పని ఆపించింది. సాఫ్ట్‌వేర్ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. వెతికితే రికార్డులు సరిగ్గానే ఉన్నాయి. పాత ఫైల్లో 'ఎడమకాలా?' అన్న ప్రశ్నకి అవునో కాదో టిక్కు పెట్టేవారు. ఆ 'అవును'ని పాతది లోపల మైనస్ ఒకటిగా దాచుకునేది, సర్వరు ఒకటిగా దాచుకుంది. చీటీ ప్రింటు తీసే ఆదేశం మాత్రం ఇంకా మైనస్ ఒకటి కోసమే వెతుకుతోంది. అది కనబడక అందరినీ కుడివైపు తోసేసింది.

"నాదే తప్పక్కా. ఒక్క లైను మారిస్తే సరిపోతుంది."

"ఎడమ కాకపోతే కుడేగా అనుకుని అలా పెట్టింది నేను."

"మరి రెండు కాళ్ళూ లేనివాళ్ళు?"

"వాళ్ళని రెండుసార్లు ఎక్కించేదాన్ని."

"అంటే ఒక మనిషి ఇద్దరా?"

బయటికక్క చీటీలు ఆ పూటకి సరిచేయించింది గానీ, అంతటితో వదల్లేదు. టిక్కు తీసేసి ఎడమ, కుడి, రెండూ అని మాటల్లోనే పెట్టమంది. ఇద్దరుగా ఉన్నవాళ్ళని ఒక్కరిని చెయ్యడానికి తనే ఫోను దగ్గర కూర్చుంది.

అలా ఒక దర్జీ ఆవిడకి ఫోను చేసింది. "మీ పేరు రెండుసార్లు ఉందండీ. ఏ చిరునామా సరైంది?"

"ఓహో, అదా సంగతి! ఎడమకాలికి ఒకరోజు రమ్మంటారు, కుడికాలికి ఇంకోరోజు రమ్మంటారు. రెండు బస్సులు మారి వస్తాను. మీ పద్ధతే అంత కాబోలనుకున్నా."

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదట్నుంచీ అంతేగా."

బయటికక్క ఫోను పెట్టేసింది. జనం రెండోసారి రాకూడదనే కదా ఆ ఫైలు కట్టింది! వచ్చినవాళ్ళు ఏనాడూ నోరు విప్పలేదు, తనూ అడగలేదు. కళ్ళు తుడుచుకుని తర్వాతి నంబరు నొక్కింది.

దర్జీ ఆవిడ ఈసారి ఒక్కరోజే వచ్చింది. ఒక్క చీటీ మీద రెండు కాళ్ళూ అమరాయి. బయటికక్క ముందు గదిదాకా ఎదురెళ్ళి, "మిమ్మల్ని ఊరికే తిప్పానండీ, ఏమీ అనుకోకండి," అంది.

"తిరగడానికేగా కాళ్ళు పెట్టించుకున్నది," అని దర్జీ ఆవిడ నడక సరిచూసే కమ్మీలు పట్టుకుని నిలబడింది. నాలుగడుగులు వేసి, గుమ్మానికున్న కర్టెన్ అంచు చేతిలోకి తీసుకుని మొహం చిట్లించింది. "ఎవరు కుట్టారిది? అంతా వంకర."

రెండో కేంద్రం కర్టెన్లు ఈవిడకే ఇద్దామని బయటికక్క ఆ సాయంత్రమే యజమానురాలికి చెప్పింది.