గంట మామ సంజాయిషీ

గంట మామ పోయాడన్న సంగతి నాకు ధర్మవరంలో, మా హైస్కూలు స్టాఫ్ రూములో తెలిసింది. పెనుకొండ నుంచి రోజూ పాసింజరులో వచ్చే లెక్కల మాస్టారు క్యారియరు బల్ల మీద పెడుతూ, "సార్, మా ఊర్లో సైకిల్ షాపు సాయిబు నిన్న పోయినాడు. మీరు సదివిన కాలేజీలోనే గంట కొడతా ఉండె గదా?" అన్నాడు. హెడ్మాస్టరుకు సెలవుచీటీ ఇచ్చి బస్సెక్కాను. నేను చేరేసరికి ఖననం అయిపోయింది. వాకిట్లో అద్దె కుర్చీలు మడిచి బండిలో వేస్తున్నారు.

పది రోజులకు హిందూపురం నుంచి, నేను చదువుకున్న కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. పైన అచ్చులో 'విద్యార్థి, సిబ్బంది సంక్షేమ విభాగం' అని ఉంది. మా పూర్వ అటెండరు మృదుభాషి, వినయశీలి, ఆయనను స్మరిస్తూ వార్షిక సంచికకు రెండు పేజీలు రాయండి అని అడిగారు. కింద చేతిరాతతో ఇంకో వాక్యం చేర్చారు: 'పాత గొడవలు ఎత్తకుండా, స్ఫూర్తిదాయకంగా రాయగలరు.'

చదవగానే ఒళ్లు మండింది. ఇదిగో రాస్తున్నాను. వేస్తే వేయండి, చించేస్తే చించేయండి. నాకు పోయేదేమీ లేదు.

ముందు ఆ మృదుభాషి సంగతి తేలుద్దాం. గంట మామ నోరు తెరిస్తే తిట్టే. చెప్పుల్లేకుండా ఎండలో వచ్చిన పిల్లవాణ్ణి చూస్తే తిట్టేవాడు, మధ్యాహ్నం తినకుండా మెట్ల మీద కూర్చున్న పిల్లను చూస్తే తిట్టేవాడు. "ఏమ్మా, ఆకిలి కాకుంటే మొగం ఎందుకట్ల పీక్కపోయిండాది? పో, ఆ డబ్బాలో రొట్టె ఉండాది, తిను. మళ్లా ఈడ పడిపోతే నిన్ను మోసేది నేనే!" అని అరిచేవాడు. ఆయన అరవని రోజున ఆయనకు జ్వరం వచ్చిందేమోనని మేము కంగారు పడేవాళ్లం.

డెబ్బైల్లో ఆ కాలేజీకి సంక్షేమ విభాగం లేదు, బోర్డు లేదు, దానికొక గది లేదు. మెట్ల కింద గంట మామ స్టూలు ఉండేది. స్కాలర్‌షిప్పు ఫారం ఎవరి చేత సంతకం చేయించాలో, హాస్టల్లో సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందో, మూర్ఛ వచ్చిన పిల్లవాడి నోట్లో ఏం పెట్టకూడదో ఆ స్టూలు దగ్గరే తెలిసేది. అయ్యవార్లకూ అదే దిక్కు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన తెలుగు లెక్చరర్‌కు అద్దె ఇల్లు చూపించిందీ, రాగిముద్ద తినలేక చిక్కిపోతుంటే పక్కన కూర్చుని నేర్పించిందీ గంట మామే. "నమలద్దు సార్, మింగల్ల. మీరు నమిలితే అది మిమ్మల్ని నములుతాది" అనేవాడు. ఆ సారు తర్వాత ముద్దకు ఎంత అలవాటు పడ్డాడంటే సెలవులకు ఊరికి వెళ్లేటప్పుడు రాగిపిండి మూట కట్టుకుని పోయేవాడు.

ఆయన్ను గంట మామ అని పిలవడానికి కారణం గంట కొట్టడం ఒక్కటే కాదు, కొట్టే పద్ధతి. వసారా దూలానికి ఒక రైలుపట్టా ముక్క వేలాడేది. పదింటికి మొదటి గంట కొట్టాలి. హాజరు మొదటి క్లాసు మొదట్లోనే వేస్తారు. ఆలస్యంగా వచ్చినవాడు తలుపు దగ్గర నిలబడి ఎంత బతిమాలినా ఆబ్సెంటే. హాజరు తగ్గితే పరీక్షకు హాల్ టికెట్టు రాదు. పెనుకొండ నుంచి, ధర్మవరం నుంచి వచ్చే మేమంతా పాసింజరు పిల్లలం. అది ఏ రోజు ఏ వేళకు వస్తుందో దాన్ని నడిపేవాడికే తెలియదు. అందుకని గంట మామ గోడగడియారం చూసేవాడు కాదు. బండి హిందూపురం స్టేషన్లో కూత వేయగానే బీడీ ముట్టించేవాడు. అది అయిపోయాక ఇంకోటి. రెండో బీడీ కాలేసరికి మేము రొప్పుకుంటూ గేటు దాటేవాళ్లం. అప్పుడు కొట్టేవాడు గంట. ఊళ్లో ఉండే పిల్లలకు దానివల్ల నష్టమేమీ లేదు, వసారాలో ఇంకొంచెం కబుర్లు చెప్పుకునేవాళ్లు. పాత ప్రిన్సిపాలుకు సంగతి తెలుసు. తెలిసీ తెలియనట్టు తన చేతిగడియారాన్ని గంట వినపడ్డాకే సరిచేసుకునేవాడు.

నేను బి.ఏ. రెండో ఏట ఉండగా కొత్త ప్రిన్సిపాలు వచ్చాడు. ఆ ఏడు కాలేజీ డే జరిగింది. గంట మామ ఎప్పటిలాగే పాసింజరు పిల్లల పాటలూ నాటకమూ ముందు పెట్టించి, మిగతావి వెనక్కి నెట్టించాడు. సాయంత్రం బండి అందకపోతే ఆడపిల్లలు ఇళ్లకు ఎలా చేరతారని ఆయన బాధ. ముఖ్య అతిథి బాగా ఆలస్యంగా వచ్చాడు. దండలూ పరిచయాలూ అయి, ఆయన గొంతు సవరించుకుని "ప్రియమైన విద్యార్థులారా" అన్నాడో లేదో, వెనక నుంచి గంట మామ కేక పెట్టాడు: "బండికి టైమాయ! పెనుకొండోళ్లు, ధర్మారం వాళ్లు ల్యాండప్పా, బిరీన ల్యాండి!" సగం పందిరి లేచిపోయింది. నాటకంలో వేసిన మీసాలతో, రంగు ముఖాలతో మేము స్టేషనుకు పరిగెత్తాం. ముఖ్య అతిథి మిగతా ప్రసంగం కుర్చీలకు చెప్పుకున్నాడట.

మర్నాడు మేము నవ్వుకున్నాం. ఆ వారంలోనే కొత్త ప్రిన్సిపాలు పదింటికి రైలుపట్టా పక్కన వచ్చి నిలబడ్డాడు. బండి ఇంకా రాలేదు. గంట మామ బీడీ చేత్తో పట్టుకుని, "రెండు నిమిషాలు సార్, పిల్లోళ్లు వస్తా ఉండారు" అన్నాడు. ప్రిన్సిపాలు చేతిగడియారం చూసుకుంటూ అక్కడే నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఇంగ్లీషులో మెమో వచ్చింది.

గంట మామ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఏమబ్బా, నీకి ఇంగిలీషులో శానా మార్కులొచ్చినాయంట గదా? దీనికి సంజాయిషీ రాయల్ల. ఇంగిలీషులోనే ఉండల్లంట, హెడ్ గుమాస్తా చెప్పినాడు" అన్నాడు. నేను పొంగిపోయాను. మా ఇంట్లో గొర్రెలు కాయని మొదటి మగవాణ్ణి నేను. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఇంగ్లీషులో క్లాసు ఫస్టు వచ్చి, ఆ గర్వంతో నేల మీద కాలు నిలవకుండా తిరుగుతున్న వయసు.

ఆయన చెప్పాడు, నేను రాశాను. "సార్, గంట ఆలీసెంగా కొట్టింది నిజమే. సోమరితనంతో కాదు. ఎవురూ నన్ను బలవంతం చేయల్యా. పిల్లోళ్ల కోసరం ఇష్టంగానే నిలిపినా. ఇంగ మీదట మీరెట్ల చెబితే అట్లే కొడతా." ఇంతే ఆయన చెప్పింది. ఎంత శుభ్రమైన మాటలో చూడండి. 'ఇష్టంగానే' అన్న చోట నేను ఆగాను. మామూలు మాట వేయడం నాకు నచ్చలేదు. విల్ అంటే ఇష్టం. ఫుల్ అంటే నిండుగా. నిండు ఇష్టంతో అని 'విల్‌ఫుల్లీ' అని రాశాను. అలాంటి మాట ఒకటి ఎక్కడో చదివినట్టు కూడా గుర్తుంది. రాసి, పైకి చదివి వినిపించాను. "ఆ మాట ఏందబ్బా, మళ్లా చెప్పు" అన్నాడు మామ. చెప్పాను. రెండు మూడుసార్లు పలికి నోటికి పట్టించుకున్నాడు.

విచారణకు ముగ్గురు కూర్చున్నారు. ప్రిన్సిపాలు, ఇంకో సీనియర్ లెక్చరరు, ముద్ద మింగడం నేర్చుకున్న మన తెలుగు సారు. నేను కిటికీ బయట నిలబడ్డాను. "విల్‌ఫుల్లీ డిలే చేశానని నువ్వే రాశావు కదా?" అని ప్రిన్సిపాలు అడిగాడు. "అవున్సార్, విల్‌ఫుల్లీనే" అన్నాడు గంట మామ, ఛాతీ నిండా గాలి పీల్చుకుని. మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాడు. మూడోసారి అడిగితే కాస్త విసుక్కుని, "ఎన్నిసార్లు చెప్పల్ల సార్? విల్‌ఫుల్లీనే" అన్నాడు. బయట నేను నా మాట ఎంత బాగా పనిచేస్తోందో అని మురిసిపోతున్నాను.

బుద్ధిపూర్వకంగా, మొండితనంతో, తప్పని తెలిసీ చేశానని ఆ మాటకు అర్థం. నాకు తెలియదు. మామకు తెలియదు. ఆ ముగ్గురికీ తెలుసు! ఎదురుగా నిలబడినవాడికి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదనీ తెలుసు. ఏమప్పా, నువ్వనేది ఏమిటి అని తెలుగులో ఒక్క ప్రశ్న, ఒకే ఒక్క ప్రశ్న, వాళ్ల నోట రాలేదు. తెలుగు చెప్పి జీతం తీసుకునే సారు నోట కూడా రాలేదు. ఆయన బల్ల కేసి చూస్తూ సంతకం పెట్టాడు. నెల తిరగకుండా గంట మామను పనిలోంచి తీసేశారు.

వాళ్లను ఇన్ని మాటలంటున్నాను, మరి మేమేం చేశాం? సినిమా హాల్లో విద్యార్థులకు రాయితీ ఇవ్వలేదని రెండు రోజులు సమ్మె చేసిన వీరులం మేము. గంట మామ కోసం ఒక్క పూట కూడా క్లాసు మానలేదు. మానితే హాజరు పోతుందని భయం. ఆ తర్వాత గంట సరిగ్గా పదింటికి మోగింది. మాతో వచ్చే ఆడపిల్లల్లో ముగ్గురికి ఆ ఏడు హాల్ టికెట్టు రాలేదు. ఇద్దరు చదువు మానేశారు. ఆ సంగతి ఏ వార్షిక సంచికలోనూ అచ్చు కాలేదు.

గంట మామ సొంతూరు పెనుకొండకు వచ్చి, బస్టాండు పక్కన సైకిళ్లు బాగుచేసుకుంటూ బతికాడు. తిట్లు మాత్రం తగ్గలేదు. పిల్లలను ఎక్కించుకోకుండా బస్సు కదిలిస్తే పానా చేత పట్టుకుని కండక్టరు మీదికి పోయేవాడు.

ఆ మాట అర్థం నాకు బి.ఎడ్. చదివేటప్పుడు తెలిసింది. నిఘంటువులో వేరే మాట వెతుకుతుంటే కంటబడింది. అప్పటి నుంచి ఎన్నిసార్లు పెనుకొండ మీదుగా పోయానో! ఎన్నోసార్లు ఆయన షాపు ముందే బస్సు ఆగింది. "ఏమబ్బా అయివారూ, పిల్లోళ్లకు బాగా చెబుతాండావా?" అని ఆయనే కిటికీ దగ్గరికి వచ్చేవాడు. చెబుతున్నాను మామా అనేవాణ్ణి. దిగి, ఆ మాట నా తప్పే అని చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. పిరికివాణ్ణి. ఆ ముగ్గురి మీద నాకున్న కోపంలో సగం నా మీదే. ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పలేదు, ఇప్పుడు రెండు పేజీల్లో మీకు చెబుతున్నాను.

పోయిన ఆదివారం పెనుకొండ వెళ్లాను. మామ లేకపోయినా కనీసం అత్తకైనా చెప్పాలని. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు బయటి మగవాళ్ల ఎదుటికి రాకూడదని వాళ్ల ఆచారం. అత్త గుమ్మానికి కట్టిన తెర వెనక కూర్చుంది, నేను వసారాలో చాప మీద కూర్చున్నాను. చెప్పేశాను. ఏడ్చాను కూడా.



"తెలుసులే నాయనా" అంది అత్త. "ఆ పొద్దే తెలుసు. తీసేసినాక హెడ్ గుమాస్తానే మీ మామకి చెప్పినాడంట, ఆ మాటతోనే పాయ నీ పని అని. మీ మామ ఇంటికొచ్చి మా అందరికీ వొట్టు పెట్టించినాడు. ఆ పిల్లోనికి ఇది తెలిస్తే ఇంగిలీషే ఇడిసిపెడతాడు, ఎవురూ నోరెత్తద్దండి అన్న్యాడు."

నాకు పిచ్చి కోపం వచ్చింది. ఈసారి గంట మామ మీద. చెప్పుల్లేవని తిట్టినవాడివి, అన్నం తినలేదని తిట్టినవాడివి, బతుకు తెరువు పోగొట్టిన నన్ను ఒక్క తిట్టు తిట్టకుండా ఎలా ఉన్నావయ్యా! పన్నెండేళ్లుగా పిల్లలకు నేను చెబుతున్నది ఇంగ్లీషే. ఆ అన్నం తింటూనే ఉన్నాను.

అత్త తెర కింది నుంచి ఒక కవరు జరిపింది. కాలేజీ వాళ్లు ఆమెకూ రాశారు. సంక్షేమ విభాగం గదిలో మామ ఫోటో పెడతారట. కుటుంబానికి అభ్యంతరం లేదని ఒక పత్రం పంపాలట. ఇంగ్లీషులో.

"ఏం రాయమంటావు అత్తా? ఒప్పుకుంటావా?" అని అడిగాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"నాకేం తెలుసు నాయనా. ఒక తెల్లకాగితం ఇట్లియ్యి."

సంచిలోంచి ఒకటి తీసి తెర కిందికి జరిపాను. లోపల లాంతరు గాజు తీసిన చప్పుడైంది. కొంచెం సేపటికి కాగితం మళ్లీ బయటికి వచ్చింది. పైనుంచి కింది దాకా ఖాళీ. కింద కుడి మూలన లాంతరు మసితో వేసిన వేలిముద్ర, ఇంకా నల్లగా మెరుస్తోంది.

"మీ మామ ఉన్న్యా నీతోనే రాయిస్తా ఉండె. నువ్వేం రాస్తే అదే, రాయి" అంది అత్త.