కడిగిన గుడ్లు

గుడ్ల సంగతిలో నేను ఉత్త గుడ్డివాణ్ని. పుట్టింది వ్యవసాయం చేసే ఇంట్లోనే అయినా, నా నౌకరీ అంతా యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో గాజుసామాను కడగడంతోనే గడిచింది. బీకరు మీద చిన్న మరక ఉన్నా సార్లు ఊరుకునేవారు కాదు. దాంతో కనపడిన ప్రతిదాన్నీ తళతళలాడించాలన్న పిచ్చి పట్టుకుంది నాకు. ఆ పిచ్చితోనే మా ఆవిడ పేరు చెడగొట్టాను.

క్యాంపస్‌లో మాది పాత క్వార్టర్. వెనక బండరాళ్లు, సీతాఫలం చెట్లు. అక్కడే ఆమె నాటుకోళ్లు పెంచేది. పొద్దున గంప ఎత్తితే చీకటిపడేదాకా ఆకులు కెలుక్కుంటూ, పురుగులు ఏరుకుంటూ తిరిగేవి. గుడ్లను ఊకపోసిన డబ్బాలో సర్దుకుని తార్నాక ఫ్లాట్లకు నడిచిపోయేది. అక్కడివాళ్లు ఆమెను గుడ్లమ్మ అనేవారు. ఆ పిలుపు విన్నప్పటి వెలుగు, నాకు ప్రమోషన్ వచ్చినరోజు కూడా ఆమె మొహంలో చూడలేదు.

ఒక ఎండాకాలం ఆమె మౌలాలిలో ఉన్న చెల్లెలింటికి పోయింది. గుడ్లు ఏరే పని నా మీద పడింది. వాటికి అంటిన రెట్ట, మట్టి చూసి నా చేతులు ఊరుకోలేదు. సబ్బునీళ్లలో నానబెట్టి, ఫ్లాస్కులు తోమే బ్రష్షుతో ఒక్కొక్కటీ తోమాను.

ఆమె వచ్చి చూసి, "గివేంది, గిట్ల తెల్లగైనయి?" అంది.

గిరాకీలు మెచ్చుకుంటారన్నాను గొప్పగా. నా మొహం చూసి కాదనలేకపోయింది. డబ్బా ఎత్తుకుని పోయింది.

పెంకు మీద కంటికి కనపడని పొర ఒకటుంటుందట. అది కడిగేస్తే ఆ ఎండలకు గుడ్డు తొందరగా మురిగిపోతుందట. ఈ కెమిస్ట్రీ నాకు తర్వాత తెలిసింది.

మరుసటిసారి ఆమె వెళ్లేసరికి ఫ్లాట్ల సంఘం పెద్దాయన, రిటైరైన ఆఫీసరు, గేటు దగ్గరే ఆపాడట. తెల్లటి ఫారం గుడ్లు తెచ్చి నాటుగుడ్లని అమ్ముతున్నావని, పైగా అవీ మురిగినవేనని అందరి ముందూ అన్నాడట. నేను గుడ్లు కడిగితే ఆయన ఆమెను కడిగేశాడు. ఇదంతా నాకు వాచ్‌మన్ చెప్పాడు, ఆమె కాదు.

నేను కడిగానని వాళ్లకు ఎందుకు చెప్పలేదని ఆమెను అడిగాను.

"నలుగుర్ల నిన్ను పలుచన జేస్తనా?" అంది. అంతే. మళ్లీ తార్నాక వైపు పోలేదు. గుడ్లు పక్క క్వార్టర్లవాళ్లకు పంచేది. సాయంత్రాలు ఖాళీ డబ్బా పక్కన పెట్టుకుని కోళ్లను చూస్తూ కూర్చునేది.

పోయి నిజం చెప్పొస్తానని రోజూ అనుకునేవాణ్ని. చెప్పులు కూడా వేసుకునేవాణ్ని. గేటు, నలుగురు మనుషులు గుర్తొచ్చి విప్పేసేవాణ్ని. ఆ వానాకాలం ఆమెకు కామెర్లు ముదిరాయి. ఆస్పత్రికి తీసుకుపోయాం. ఇంటికి నేనొక్కణ్నే తిరిగొచ్చాను.

మొన్న ఆ పెద్దాయన మా క్వార్టర్ వెతుక్కుంటూ వచ్చాడు. బిడ్డ పురిటికి వచ్చిందట. గుడ్లమ్మ తెచ్చే గుడ్లే కావాలంటోందట. ఆమె చనిపోయిందని చెప్పాను.

"ఆ గుడ్లు కడిగింది నేను సార్. అవి మా కోళ్లవే. ఆమె మోసం చేయలేదు."

"ఆ మాట అప్పుడే చెప్పాల్సింది కదయ్యా," అన్నాడు మెల్లగా. కోపంతో కాదు. కోపంతో అన్నా బాగుండేది.

ఇంట్లో గుడ్లు లేవు. ఎర్రపెట్ట గంపలో కూర్చునుంది, పెట్టేదాకా ఆగాలన్నాను. స్టూలు వేశాను. ఎంతసేపు పడుతుందని అడిగాడు. దాని ఇష్టమన్నాను. ఎండ ఆయన మోకాళ్ల మీదికొచ్చింది. ఆయన లేవలేదు.

లోపలికెళ్లి చాయ్ పెట్టాను. పాత అలవాటుకొద్దీ నాకొకటి, ఆమెకొకటి రెండు కప్పుల్లో పోశాను. బయటికి తెచ్చి ఆయన ఎదుటే కూర్చున్నాను. ఆయన చెయ్యి కాస్త ముందుకొచ్చింది. నేను చూడనట్టు మొదటి కప్పు తాగాను. తర్వాత రెండోదీ తాగాను.