క్యాంటీన్‌లో రెండో మనిషి

ఇంజనీరింగ్ పిల్లలకు మేనేజ్‌మెంట్ పాఠం చెప్పడమంటే పెళ్ళి భోజనాల దగ్గర పురాణం చెప్పడమే. ఎవడి విస్తరి గోల వాడిది. శామీర్‌పేట దాటాక ఉన్న ఒక కాలేజీలో మెకానికల్ మూడో ఏడు వాళ్ళకు ఆ సబ్జెక్టు నా నెత్తిన పడింది. గుంటూరు వైపు నుంచి వచ్చి నాగారంలో ఇల్లు తీసుకున్న కొత్తలు. భోజనమయ్యాక క్లాసు. గాలి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి తిరిగిందంటే చెత్త కంపుకి కిటికీలు మూసేవాళ్ళం, మూయగానే సగం మంది నిద్ర.

ఒకరోజు వెనక బెంచీ నుంచి ఒకడు, "సార్, గిదంతా బుక్కుల ముచ్చటే గద. నిజంగ ఏడన్న పనికొస్తదా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకసలే ముక్కు మీద కోపం. "పనికొస్తుందో రాదో మీచేతే చూపిస్తాను, ఉండండిరా!" అని ఎగిరాను. మర్నాడే వాళ్ళను జట్లుగా విడదీసి, వాచీలిచ్చి, ఒక జట్టుని కాలేజీ క్యాంటీన్ మీదికి తోలాను. ఏ పనికి ఎంతసేపు పడుతోంది, ఎంతమంది చాలు అన్నది తేల్చాలి. దాన్నే మా పుస్తకాల్లో వర్క్ స్టడీ అంటారు.

క్యాంటీన్లో ఇద్దరు ఆడవాళ్ళు, తోటికోడళ్ళు, వాళ్ళ మాటలో యారాళ్ళు. పెద్దామె పొయ్యి దగ్గర. చిన్నామె ప్లేట్లు కడిగి, టీ పోసి అందించేది. కాలేజీ జీతం మీదే ఉండేవాళ్ళు. పిల్లలు వాచీలు పట్టుకుని నిలబడేసరికి పెద్దామెకు ఎక్కడలేని సంబరం పుట్టుకొచ్చింది. "మా మీద పరీక్ష రాస్తరా బిడ్డా? అయితే మస్తుగ రాయున్రి!" అని కొంగు బిగించింది. అట్టు తిరగేయడం, చట్నీ వడ్డించడం, మధ్యలో వెళ్ళి చిన్నామె చేతిలో కెటిల్ లాక్కుని తనే టీ పోసేయడం, అబ్బో, ఆ వేగం చూసి నేనే చప్పట్లు కొట్టాను. చిన్నామె పాపం చెయ్యడానికి పని దొరక్క, గోడకానుకుని నవ్వుతూ నిలబడింది.

ఎవరైనా చూస్తున్నప్పుడు మనిషి తన మామూలు తీరున పనిచేయడనీ, ఆ తేడాని లెక్కలోంచి తీసేయాలనీ అంతకు ముందు వారమే బోర్డు మీద రాసి చెప్పినవాణ్ణి నేనే. పిల్లలు తీయలేదు. నేను అడగలేదు. క్యాంటీన్‌కు ఒక మనిషి చాలునని వాళ్ళు తేల్చిన రిపోర్టు ఎంతో పొందిగ్గా ఉంది. దానికి నిండు మార్కులేసి, మెప్పు పొందాలన్న ఉబలాటం కొద్దీ ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెట్టాను. ఆయన తెగ మెచ్చుకున్నారు. "మన పిల్లలు పనికొచ్చే పని చేయడం ఇదే మొదటిసారయ్యా" అన్నారు. నేను పొంగిపోయాను.

మరుసటి నెల ఒకటో తారీఖున చిన్నామె కనిపించలేదు.

పెద్దామె ఒక చేత్తో అట్టు తిప్పుతూ, ఇంకో చేత్తో ఎంగిలి ప్లేట్లు లాగుతోంది. జుట్టంతా మొహం మీద. నన్ను చూసి గరిటె పక్కన పెట్టింది. "ఏంది సారూ గిది? మీరు జూస్తున్నరని, పిల్లలకు మంచి మార్కులు రావాలని, ఆ దినం గంత జల్దీ జేసిన. రోజూ గట్ల జేస్తే మనిషి బతుకుతదా? మా యారాలు ఏం పాపం జేసింది? దాని మొగడు మంచాన పడి ఉన్నడు. ఇంట్ల అదొక్కతే తెచ్చేది."

నా తల కొట్టేసినట్టయింది. తిన్నగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాను. ఆ రిపోర్టులో చిన్న పొరపాటుంది సార్, ఆమె ఆ రోజు మామూలుగా పనిచేయలేదు, అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "అంటే రిపోర్టు తప్పా? మార్కులు నువ్వే వేశావుగా. పైవాళ్ళు దాన్ని చూసి సంతోషించారు. తప్పని ఒక కాగితం రాసివ్వు, నీ సంతకంతో పైకి పంపిస్తాను" అన్నారు, పెన్ను నా వైపు జరిపి. ఎండాకాలం వస్తే మా లెక్చరర్లలో ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో తేల్చేది కాలేజీ నడిపే ఆ పైవాళ్ళే. క్లాసులో అంతెత్తున ఎగిరే నేను, "తప్పని కాదు సార్... ఊరికే చెబుదామని" అని నసిగి, పెన్ను ముట్టుకోకుండా బయటికొచ్చాను. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాను. అనుకోవడానికేం ఖర్చు?

పెద్దామె చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమన్నరు సారూ?"

"చూస్తామన్నారు. మళ్ళీ పిలుస్తారు" అన్నాను. ఆమె మొహం విచ్చుకుంది. ఎంత వద్దన్నా వినకుండా వేడి టీ తెచ్చిచ్చింది. తాగాను.

ఆ తర్వాత క్యాంటీన్ వైపు పోవడం మానేసి ఇంటి నుంచి టిఫిను తెచ్చుకునేవాణ్ణి. కడుపులో బాగోలేదని తోటివాళ్ళకు చెప్పాను. కొన్ని వారాలకు, సాయంత్రం కాలేజీ బస్సెక్కబోతుంటే పెద్దామె పరుగున వచ్చి పట్టుకుంది. మనిషి సగమైపోయింది, చేతి మీద కాలిన బొబ్బ.

"సారూ, మా యారాలిని జీడిమెట్లల మందుల కంపెనీల ప్యాకింగ్ పనికి రమ్మన్నరు. పోను అంటాంది. సారు మాటిచ్చిండు, నేను కాలేజీకే పోత అని కూసుంది. ఆ కంపెనోళ్ళు రేపటిదాంక జూస్తరంట. ఇగ మీరే జెప్పున్రి, ఏం జెయ్యమందు?"

పొమ్మను అనాలి. ఆ ఒక్క మాట చాలు, ఆ ఇల్లు నిలబడుతుంది. కానీ పొమ్మంటే, అడగనే లేదా సారూ అంటుంది. ఏమని చెప్పను? బస్సులో కిటికీల దగ్గర మా పిల్లలు కూర్చుని వింటున్నారు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

"వచ్చే నెలలో పిలుస్తారు" అన్నాను.

"మీరు సల్లగుండాలె సారూ" అని ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.